లాంతరు వెలిగించగానే భయం పోతోంది: హారర్ డయోరమాకి లైటింగ్ ఎలా?

మసిబొగ్గు
1:35 స్కేల్లో (అసలు సైజులో 35వ వంతు) ఒక డయోరమా, అంటే బొమ్మలతో చేసే చిన్న దృశ్యం, కడుతున్నాను: ఒక పాడుబడ్డ ఇల్లు. కింద ఒక గది, అందులోంచి పైకి మెట్లు, మెట్ల కింద నేలమాళిగ తలుపు. తలుపు ఓరగా తీసి ఉంటుంది, సందులోంచి పచ్చటి వెలుగు. లాంతరు పట్టుకుని ఒక ముసలాయన మెట్లు దిగుతుంటాడు. కథ అంతే. పెయింటింగ్ అయిపోయింది, గది లైట్లో చూస్తే నాకే ముచ్చటేసింది. లాంతర్లో 3 మిల్లీమీటర్ల తెల్ల ఎల్ఈడీ, తలుపు వెనక ఆకుపచ్చ ఎల్ఈడీ పెట్టి స్విచ్ వేశాను. భయమంతా ఎగిరిపోయింది. ముసలాయన మొహం తెల్లగా పాలిపోయింది, కళ్లూ ముక్కూ ఏమీ తెలియడం లేదు. తలుపు దగ్గర వేసిన రక్తపు మరకలు మాయం. గోడ మూలల్లోంచి వెలుతురు కారుతోంది. దయ్యాల కొంప కాదు, ఫ్రిజ్ తలుపు తీసినట్టుంది. లైట్లు పీకేసి పెయింట్ మీదే వదిలెయ్యమంటారా?

వోల్టుమామ
పీకడం తర్వాత. ముందు లెక్క చెప్పండి. బ్యాటరీ ఎంత, రెసిస్టర్ ఎంత?

మసిబొగ్గు
9 వోల్టుల బ్యాటరీ. రెండిటికీ విడివిడిగా 470 ఓమ్‌లు. ఎల్ఈడీలతో పాటు ప్యాకెట్లో వచ్చినవే.

వోల్టుమామ
అదీ సంగతి. తెల్ల ఎల్ఈడీ మీద 3 వోల్టులు పోతాయి, మిగిలిన 6 వోల్టులు 470 ఓమ్‌ల మీద పడితే దాదాపు 13 మిల్లీయాంపులు. అది టార్చిలైటుకి సరిపోయే వెలుగు, లాంతరుకి కాదు. బొమ్మల ఇంట్లో ఒక మిల్లీయాంపు చాలు, చాలాసార్లు అర కూడా ఎక్కువే. 10 కిలో ఓమ్‌ల పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) ఒకటి తెచ్చి, ఆ 470కి వరసలో కలపండి. గది చీకటి చేసి, వెలుగు సరిపోయిందనిపించేదాకా తిప్పండి. అప్పుడు మల్టీమీటర్‌తో పాట్ విలువ కొలిచి, దానికి దగ్గరగా ఉన్న మామూలు రెసిస్టర్ పెట్టేయండి. ఇంకో మాట. కరెంటు సగం చేస్తే కంటికి వెలుగు సగం అయినట్టు అనిపించదు, కాబట్టి ధైర్యంగా తగ్గించండి.

సన్నకుంచె
మామ చెప్పింది నిజమే కానీ సగమే. వెలుగు తగ్గించినా మొహం బాగుపడదు. మీరు పై నుంచి వెలుగు పడుతున్నట్టు పెయింట్ చేసి ఉంటారు. నల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత), దాని మీద పై నుంచి తెల్లది కొట్టి ఉంటారు, అవునా? నుదురు, ముక్కు దూలం, చెంప ఎముకలు తెల్లగా; గడ్డం కింద, కళ్ల గుంటల్లో నలుపు. ఇప్పుడు లాంతరు కింద నుంచి వెలుగుతోంది. పెయింట్ ఒకటి చెబుతోంది, బల్బు ఇంకోటి చెబుతోంది. రెండూ కొట్టుకుని మొహం సున్నా అయింది.

మసిబొగ్గు
అచ్చం అలాగే చేశాను. మీరేమైనా మా కిటికీలోంచి చూశారా?

తుప్పురేకు
హారర్ దారం (థ్రెడ్) కదా, కిటికీలోంచి ఎవరో ఒకరు చూడాలి.

అరమిల్లీ
లైట్లు తీసెయ్యమనే నా ఓటు. పెయింటుతోనే వెలుగు చూపించడం ఉంది కదా, ఓఎస్ఎల్. పగలైనా రాత్రయినా ఒకేలా కనబడుతుంది, వైరు లేదు, బ్యాటరీ లేదు. బల్బు పెట్టినవాళ్లు ఎవరికైనా చూపించాలంటే ముందు లేచి వెళ్లి గది లైటు ఆర్పాలి.

చీకటిగది
అరమిల్లీ గారూ, ఓఎస్ఎల్ ఒక బొమ్మకి సరే. ఒక గదికి మొత్తంగా వేస్తే ఎటు నుంచి చూసినా నమ్మించడం కష్టం. కుర్చీ కాలి నీడ నేల మీద ఎక్కడిదాకా పోతుంది, మెట్టు అంచు దాటాక వెలుగు ఎక్కడ తెగుతుంది, ఇవన్నీ చేత్తో వెయ్యాలి. బల్బు అయితే నీడలు ఉచితం. నేను రెండూ కలిపే చేస్తాను. పెయింట్ వెలుగు పావు వంతు, అసలు బల్బు ముప్పావు.

అరమిల్లీ
రెండూ కలిపితే రెట్టింపు అవుతుంది కదా? గదిలో లైటు వేస్తే పెయింట్ వెలుగు, ఆర్పితే బల్బు, రెండూ ఉంటే గందరగోళం.

చీకటిగది
రెండూ ఒకే చోట నుంచి వస్తే గందరగోళం ఉండదు. అదే అసలు పని. లాంతరు ఎక్కడుందో అక్కడికి ఫోన్ కెమెరా పెట్టండి. పట్టకపోతే చిన్న అద్దం ముక్క పెట్టి చూడండి. అక్కడి నుంచి ఏ తలాలు కనబడితే వాటికే వెలుగు. కనబడనివన్నీ నీడ. ముసలాయన ఎడమ భుజం వెనక వైపు లాంతరుకి కనబడదు, కాబట్టి అక్కడ ఒక్క చుక్క పసుపు కూడా వెయ్యకూడదు. ఈ పరీక్ష చేస్తే ఓఎస్ఎల్‌లో సగం తప్పులు పెయింట్ తియ్యకముందే పోతాయి.

సన్నకుంచె
ఇది మాత్రం గోడ మీద రాసుకోవాల్సిన మాట.

కింద వెలుగుకి మొహం ఎలా మారుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది కళ్ల కింద పసుపు పూసి వదిలేస్తారు. గడ్డం అడుగు, ముక్కు రంధ్రాల చుట్టూ ఉన్న అడుగు భాగం, పై పెదవి, కనుబొమ్మల కింది అంచు, ఇవి వెలగాలి. పై పెదవి మామూలుగా నీడలో ఉండేది, ఇక్కడ వెలుగులోకి వస్తుంది. కింది పెదవి పై భాగం చీకటిలోకి పోతుంది. చెంప ఎముకల పై భాగం, ముక్కు దూలం, నుదురు చీకటి. మనం పుట్టినప్పటి నుంచి మొహాల్ని పై వెలుగులో చూస్తాం, ఇది తలకిందులు కావడంతోనే సగం భయం పుడుతుంది. 1:35లో తల మొత్తం 6, 7 మిల్లీమీటర్లే, కాబట్టి ఈ నాలుగు చోట్లు పడితే చాలు, కనుగుడ్లు కూడా వెయ్యక్కర్లేదు.

రంగు ఒకేసారి వెయ్యకండి. గ్లేజ్ వెయ్యండి, అంటే బాగా పల్చన చేసి, బ్రష్‌ని టిష్యూకి ఒత్తి, వెలుగు వైపుకి లాగుతూ. బ్రష్ ఎక్కడ ఆగితే అక్కడ రంగు పేరుకుంటుంది, కాబట్టి లాగడం ఎప్పుడూ లాంతరు వైపే ఆగాలి. ముందు ఎర్రటి గోధుమ, దాని మీద నారింజ, అన్నిటికంటే దగ్గరి అంచున మాత్రం లేత పసుపు. తెలుపు అస్సలు వద్దు. సీన్ మొత్తంలో తెల్లటి వస్తువు లాంతరు ఒక్కటే ఉండాలి.

ఎండాకాలం_దయ్యం
1:35లో కనుగుడ్లు వెయ్యక్కర్లేదని అన్నందుకు మీకు జీవితాంతం రుణపడి ఉంటాను.

పాతచెక్క
చిన్న స్కేల్లో వెలుగు పడిపోయే తీరు వేరుగా ఉంటుందని ఎక్కడో చదివాను. అందుకే బల్బులు నకిలీగా కనబడతాయట.

వోల్టుమామ
అది తప్పు. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతు, మూడింతలయితే తొమ్మిదో వంతు. అన్ని దూరాలూ ఒకే లెక్కన తగ్గాయి కాబట్టి నిష్పత్తి మారదు. మారేది బల్బు సైజు. 3 మిల్లీమీటర్ల ఎల్ఈడీని 35తో గుణించండి, 10 సెంటీమీటర్లు దాటింది. అంటే ముసలాయన చేతిలో లాంతరు లేదు, లాంతరంత సైజు మంట ఉంది! అందుకే నీడలు మెత్తగా, అంచులు లేకుండా వస్తున్నాయి. 0402 సైజు చిప్ ఎల్ఈడీ 1 మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు. అసలు దీపపు మంట 3 సెంటీమీటర్లు అనుకుంటే 1:35లో దాదాపు అంతే. వైర్లు అంటించి అమ్మేవి దొరుకుతాయి, వెంట్రుకలాంటి వైరు, బొమ్మ చేతిలోంచి చొక్కా వెనక్కి పోనివ్వచ్చు. వార్మ్ వైట్ (పసుపు కొట్టే తెలుపు) అడగండి, 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత). మీరు పెట్టింది 6000 పైన ఉండేదయి ఉంటుంది, నీలం కొట్టే తెలుపు.

అరమిల్లీ
0402కి మీరే వైరు టంకం వేస్తారా మామా?

వోల్టుమామ
ఒకప్పుడు వేసేవాణ్ని. ఇప్పుడు కళ్లజోడు మార్చుకోవడానికే టైము సరిపోతోంది. రెడీమేడ్ కొనుక్కోండి.

తుప్పురేకు
రక్తపు మరకలు ఎందుకు మాయమయ్యాయో ఎవరూ చెప్పలేదు. అదే అసలు హారర్.

చీకటిగది
ఆకుపచ్చ ఎల్ఈడీ వల్ల. అది దాదాపు ఒకే రకం వెలుగు ఇస్తుంది, తరంగదైర్ఘ్యం 520 నానోమీటర్ల చుట్టుపక్కల. అందులో ఎరుపు లేదు. లేని ఎరుపుని మరక ఎక్కడి నుంచి తిరిగి పంపిస్తుంది? నల్లగా మారి నేలలో కలిసిపోతుంది. తలుపు చుట్టూ ఉన్న తుప్పు, ఇటుక, చర్మం రంగు, అన్నిటికీ ఇదే గతి. దారి ఏంటంటే, ఆకుపచ్చ ఎల్ఈడీ తీసేసి తెల్లది పెట్టి, దాని మీద పారదర్శకమైన ఆకుపచ్చ రంగు పూయండి. టామియా కంపెనీ రంగు ఎక్స్-25 క్లియర్ గ్రీన్ పల్చగా ఒక కోటు. కొంచెం ఎరుపు మిగులుతుంది, మరక చచ్చిపోదు.

సన్నకుంచె
లేదా మరకని రంగుతో కాకుండా మెరుపుతో చూపించండి. మసక వెలుగులో కన్ను ఎరుపుని ముందు పోగొట్టుకుంటుంది, నీలం, ఆకుపచ్చ కాసేపు నిలబడతాయి. 19వ శతాబ్దం మొదట్లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గమనించాడు, ఆయన పేరే పెట్టారు. అందుకే నీడలో రక్తం ఎర్రగా వేస్తే బొమ్మలా ఉంటుంది. ఎక్స్-27 క్లియర్ రెడ్‌లో కొంచెం గోధుమ, చుక్క నలుపు కలిపి దాదాపు నల్లగానే వెయ్యండి. ఆరాక మరక మధ్యలో మాత్రం గ్లాసీ (మెరిసే) వార్నిష్. అంచులు మ్యాట్‌గా (మెరుపు లేకుండా) వదిలితే అక్కడ ఎండినట్టు, మధ్యలో ఇంకా తడిగా ఉన్నట్టు. లాంతరు కదిపినా, చూసేవాడు తల కదిపినా ఆ తడి చోటు ఒక్కసారి మెరుస్తుంది. ఆ మెరుపు చాలు.

ఎండాకాలం_దయ్యం
నీడలు కూడా నల్ల రంగుతో వెయ్యకూడదా అయితే?

సన్నకుంచె
ఉత్త నలుపు వద్దు. నీడలో రంగు తేటదనం తగ్గించి నీలం వైపు కొంచెం జరపండి. లాంతరు నారింజ కాబట్టి నీలం బూడిద పక్కన అది ఇంకా వెచ్చగా కనబడుతుంది. నలుపు మాత్రం ఎవరికీ కనబడకూడని చోట్లకి దాచుకోండి.

మసిబొగ్గు
గోడ మూలల్లోంచి వెలుగు కారడం గురించి ఏమైనా చెప్పండి. రెసిన్ ప్రింటు గోడలు, పల్చగానే ఉంటాయి. అసలు గోడ మొత్తం లోపలి నుంచి వెలుగుతోంది.

పాతచెక్క
దీనికి నా దగ్గర మందుంది. గోడ వెనక వైపు నల్ల ప్రైమర్ రెండు కోట్లు, దాని మీద అల్యూమినియం ఫాయిల్ అతికించండి. మూలల్లో ఫాయిల్ మడత పెట్టి అతికించాలి, కత్తిరించి పక్కపక్కన పెడితే గీతలా వెలుగొస్తుంది. వైరు పోయే కన్నాలు నల్ల పుట్టీతో మూసేయండి. మా కేసులో నేల పలకల మధ్య సందుల్లోంచి గీతలు గీతలుగా వచ్చింది వెలుగు. అది మాత్రం మూయలేదు, కింద ఎవరో ఉన్నట్టు భలేగా ఉందని వదిలేశాను.

తుప్పురేకు
పాతచెక్క గారింట్లో నిజంగానే కింద ఎవరైనా ఉన్నారేమో చూడండి.

రాతిముక్క
లాంతర్లో మిణుకుమిణుకుమనే ఎల్ఈడీ పెట్టండి. చిన్న ఐసీ లోపలే ఉండే క్యాండిల్ ఎల్ఈడీలు దొరుకుతాయి. సూపర్ ఎఫెక్ట్.

అరమిల్లీ
దయచేసి వద్దు. మిణుకుమనే లాంతరు పెట్టిన ప్రతి డయోరమా పాడైన ట్యూబ్‌లైట్‌లా ఉంటుంది. చూసేవాడి కన్ను అక్కడే ఇరుక్కుంటుంది, మీరు రాత్రంతా మేలుకుని వేసిన గోడ వైపు ఎవరూ చూడరు.

వోల్టుమామ
రెడీమేడ్ క్యాండిల్ ఎల్ఈడీతో అదే గొడవ, మరీ ఎక్కువగా ఊగుతుంది. ఏటీటైనీ85 లాంటి చిన్న చిప్ ఉంటే వెలుగుని 80 నుంచి 100 శాతం మధ్య మాత్రం నెమ్మదిగా ఊపవచ్చు. సున్నాకి ఎప్పుడూ పోకూడదు. గమనించీ గమనించనట్టు ఉంటే పనిచేస్తుంది. ఫొటో తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త, చిప్ వెలుగుని వేగంగా ఆర్పి వెలిగిస్తూ తగ్గిస్తుంది కాబట్టి ఫోన్లో అడ్డచారలు పడొచ్చు.

రాతిముక్క
సరే, నా లాంతరు మీద పగబట్టారు. పొగమంచు అయినా పెట్టనిస్తారా?

పాతచెక్క
దూది అయితే వద్దు, 1:35లో పోగులు తాళ్లలా కనబడతాయి. దిండ్లలో వాడే పాలిస్టర్ ఫైబర్ తీసుకుని, ఇంకా పల్చబడదు అనిపించేదాకా లాగండి. తలుపు సందు దగ్గర నేలకి ఆనేలా ఒక పొర, వెనక నుంచి పచ్చ వెలుగు. ముందు నుంచి వెలుగు పడితే మాత్రం దుమ్ములా ఉంటుంది.

నిలువుటద్దం
చాలా ఆలస్యంగా వచ్చాను, అందరూ బల్బుల గురించే మాట్లాడుతున్నారు. చూసేవాడు ఎక్కడ నిలబడతాడో ఎవరైనా అడిగారా? నాలుగు వైపులా తెరిచిన డయోరమాలో గది వెలుగే రాజు. చీకటి కావాలంటే పెట్టెలో పెట్టండి. ముందు ఒక కిటికీ, మిగతా అంతా మూత. షెపర్డ్ పెయిన్ లాంటి పేరున్న మోడలర్లు బాక్స్ డయోరమాలతో చేసింది ఇదే: చూసే కోణం ఒక్కటే, దీపాలు ఫ్రేమ్ వెనక దాగి ఉంటాయి, గది వెలుగు లోపలికి రాదు. అప్పుడు ఓఎస్ఎల్ కూడా ఒక్క కోణానికే వేస్తే చాలు. పెట్టె లోపల మ్యాట్ నలుపు, ముందు గాజు కొంచెం వంచితే మన మొహం అందులో కనబడదు.

అసలు డయోరమా అన్న పేరే వెలుగుతో చేసే ఆటకి పెట్టింది. 1822లో పారిస్‌లో డాగేర్, బూటన్ అనే చిత్రకారులు కలిసి పెట్టిన ప్రదర్శనలో బొమ్మలు లేవు, పెద్ద పారదర్శకపు తెర మీద వేసిన చిత్రం. ముందు నుంచి, వెనక నుంచి పడే వెలుగు మార్చి పగలుని రాత్రి చేసేవారు. జనం చీకట్లో కూర్చుని చూసేవారు. 1839లో ఆ భవనం తగలబడిపోయింది.

తుప్పురేకు
వోల్టుమామా, విన్నారా? ఫ్యూజు పెట్టండి.

వోల్టుమామ
అర మిల్లీయాంపుతో భవనాలు తగలబడవులే. లిథియం బటన్ సెల్ వాడేవాళ్లకి మాత్రం ఒక మాట. సీఆర్2032 వాడితే స్క్రూతో బిగించే గూడు ఉన్న హోల్డరే కొనండి. పిల్లలు మింగితే గంటల్లో గొంతు లోపల కాలిపోతుంది. ఇది హాస్యం కాదు.

లేతపసుపు
హారర్ అంటే దయ్యాలూ రక్తమేనా? ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ చేసిన నట్‌షెల్ స్టడీస్ చూడండి. 1940ల్లో పోలీసు డిటెక్టివ్‌లకి శిక్షణ ఇవ్వడానికి చేసిన చిన్న గదులు, 1:12 స్కేల్లో. వంటిల్లు, పడగ్గది, స్టవ్ మీద గిన్నె, ఆరేసిన బట్టలు, మధ్యలో ఒక శవం. మెరుపుల్లేవు, పొగమంచు లేదు. మామూలు ఇంటి వెలుగు. నాకు ఏ రాక్షసి బొమ్మా అంత భయం వెయ్యలేదు. 2017లో వాషింగ్టన్‌లో ప్రదర్శించినప్పుడు వాటిలోని పాత బల్బులు తీసేసి ఎల్ఈడీలు పెట్టారు, పాతవి వేడితో లోపలి వస్తువుల్ని పాడుచేస్తున్నాయని.

అరమిల్లీ
అవి హారర్ కాదండీ, పాఠాలు. భయపెట్టడానికి చేసినవి కావు.

లేతపసుపు
చేసినావిడ ఉద్దేశం ఏదైనా నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అందులో నేర్చుకునేది ఒకటుంది. అన్నీ కనబడుతున్నా ఏం జరిగిందో తెలియదు. మసిబొగ్గు గారి సీన్లో కూడా తలుపు వెనక ఏముందో తెలియకూడదు. ఇప్పుడు అక్కడ బొమ్మ ఏమైనా పెట్టారా?

మసిబొగ్గు
పెట్టాను. వంగి కూర్చున్న ఒక ఆకారం, పళ్లూ గోళ్లూ అన్నీ ఉన్నాయి. బాగా కష్టపడి వేశాను.

లేతపసుపు
తీసేయండి.

నిలువుటద్దం
తీసేయండి. తలుపు అంచు మీద వేళ్లు మాత్రం ఉంచండి.

తుప్పురేకు
ఐదా, ఆరా?

లేతపసుపు
నాలుగు. ఆరు పెడితే చూసేవాడు భయపడడం మానేసి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు.

చీకటిగది
వేళ్లకి పచ్చ వెలుగు వెనక నుంచి వస్తుంది కాబట్టి వాటి అంచులు మాత్రమే సన్నటి గీతలా వెలగాలి, ముందు భాగం దాదాపు నలుపు. ముందు వైపు లాంతరు నారింజ తగలనివ్వకండి, రెండు వెలుగులూ ఒకే చోట కలిస్తే రంగు బురదవుతుంది. ముసలాయన కాలి నీడ ఆ తలుపు మీద పడేలా లాంతరుని కొంచెం పక్కకి జరిపితే సమస్య దానంతటదే తీరుతుంది. 17వ శతాబ్దంలో జార్జ్ ద లా తూర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు కొవ్వొత్తి మంటని చేతి వెనక దాచేవాడు, వేళ్ల సందుల్లో ఎర్రటి వెలుగు మాత్రం కనబడేది. మీ ముసలాయన చెయ్యి కూడా అడ్డం పెట్టి చూడండి.

మసిబొగ్గు
పది రోజులు కనబడలేదని తిట్టుకోకండి. వరసగా చెబుతాను. ఎల్ఈడీ 0402 వార్మ్ వైట్‌కి మార్చాను, పాట్ తిప్పితే చివరికి 8 కిలో ఓమ్‌ల దగ్గర ఆగింది, 8.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టేశాను. అద్దం ముక్కతో చూస్తే లాంతరుకి ఆయన టోపీ అంచు అడుగు కనబడుతోందని తెలిసింది, అసలు దానికి వెలుగు వెయ్యాలన్న ఆలోచనే లేదు నాకు. ఇప్పుడు ఆ అంచు నారింజగా వెలుగుతుంటే కళ్లు చీకట్లో ఉన్నాయి, మొహానికి ప్రాణం వచ్చింది. ఆకుపచ్చది తీసి తెల్లదానికి ఎక్స్-25 పూశాను, మరకలు తిరిగొచ్చాయి. ఫాయిల్ అతికించాను. ఆకారం బయటికి పోయింది, వేళ్లు నాలుగే. పెట్టె ఇంకా కడుతున్నాను.

ఒక్క అనుమానం. ఫోన్లో ఫొటో తీస్తే ఇంకా ఫ్రిజ్‌లాగే వస్తోంది.

చీకటిగది
ఫోన్ చీకటిని చూస్తే పగలు చెయ్యాలనుకుంటుంది. లాంతరు మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యండి, తర్వాత కిందికి లాగండి. నైట్ మోడ్ ఆపేయండి. స్టాండ్ వాడండి. ఒక ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసి కూడా చూడండి, అందులో లాంతరు తర్వాత మొహం, మొహం తర్వాత వేళ్లు కనబడితే రంగుల్లో కూడా అదే వరస ఉన్నట్టు.

రాతిముక్క
పొగమంచు పెట్టారా?

మసిబొగ్గు
పెట్టాను. తలుపు దగ్గర మాత్రమే. మీ మాట ఒకటైనా నిలబెట్టాలి కదా.

ఎండాకాలం_దయ్యం
ఈ దారం చదివి నేనూ ఒక బావి మొదలుపెట్టాను. బావి లోపల తడి చూపించాలి. చివరిలో మ్యాట్ వార్నిష్ అంతా కొట్టాలా, తడి చోట్లకి గ్లాసీ ముందు వెయ్యాలా?

సన్నకుంచె
ముందు మ్యాట్ అంతటికీ. పూర్తిగా ఆరాక, తడి ఉండాల్సిన చోట మాత్రం బ్రష్‌తో గ్లాసీ. తిరగేసి చేస్తే మ్యాట్ పోయి మెరుపు మీద కూర్చుంటుంది, తడి చచ్చిపోతుంది. బావికయితే నీటి గీత పైన రెండు మూడు రాళ్లదాకా మెరుపు తగ్గిస్తూ పోండి. ఫొటోలు పెట్టండి, కొత్త దారంలో.